నొప్పి, సలుపు, పోటు, తీపు: రోగిని అడిగేటప్పుడు ఏ మాట?

ప్రశ్న: తీవ్రమైన జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్‌లో ఉన్న రోగుల అనుభవాన్ని నమోదు చేసే ఎడ్మంటన్ ప్రశ్నావళిని తెలుగు చేస్తున్నాం. నొప్పి, అలసట, మగత, వికారం, ఆకలి లేకపోవడం, ఆయాసం, దిగులు, ఆందోళన, మొత్తం మీద ఎలా ఉన్నారు అనే తొమ్మిదింటికీ 0 నుంచి 10 వరకు అంకె వేయించాలి. సలుపు, పోటు వంటివి మాండలికాలనీ, ‘నొప్పి’ ఒక్కటే చాలనీ ఒకరు సలహా ఇచ్చారు. నిజమేనా?

జవాబు: కాదండీ. అవి ఒకే నొప్పికి ఊరికో పేరు కాదు, వేర్వేరు బాధలు. పోటు ‘పొడుచు’ నుంచి వచ్చిన మాట. కత్తిపోటులో ఉన్న పోటే చెవిపోటులోనూ ఉంది. పొడిచినట్టు వస్తుంది. సలుపు అలా కాదు. చీము పట్టిన గడ్డలో నాడి కొట్టుకున్నట్టు, రాత్రంతా నిద్ర పట్టనివ్వకుండా ఉంటుంది. కాళ్లూ చేతులూ లాగేస్తుంటే తీపులు అంటాం. కడుపులో అయితే మెలిపెడుతుంది. ఒట్టి ‘నొప్పి ఉందా?’ అని అడిగితే ‘నొప్పేం లేదండీ, సలుపే’ అనే జవాబు రావచ్చు. కాగితం మీద అది సున్నాగా పడిపోతుంది.

ఇంకొకరు: వైద్యం వైపు నుంచి ఒక మాట. ఇక్కడ పేరు మారితే మందే మారుతుంది. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం నరం దెబ్బతిన్నదని అనుమానించాల్సిన గుర్తులు. దానికి మామూలు నొప్పి మాత్రలు చాలవు, బలమైన నొప్పి మందు మార్ఫిన్ ఒక్కటీ చాలకపోవచ్చు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటి నరాల నొప్పి మందులు కలుపుతారు. మెలిపెట్టే నొప్పికి పేగు పట్టు వదిలించే మందు ఆలోచిస్తారు. సలుపు అంటే ముందు చీము పట్టిందేమో చూడాలి. అంకె తీవ్రతను చెబుతుందే తప్ప రకాన్ని చెప్పదు. 1975లో మనస్తత్వ శాస్త్రవేత్త మెల్జాక్ మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిలో 78 మాటలను 20 గుంపులుగా పెట్టింది ఈ రకం పట్టుకోవడానికే. అలాగని ఆ 78నీ వరసగా తెలుగు చేస్తే నిఘంటువు వాసన కొడుతుంది. రోగుల నోటి మాటలు పోగుచేసి, వాటితోనే గుంపులు కట్టాలి.

ప్రశ్న అడిగినవారు: నొప్పి సంగతి అర్థమైంది. ‘అలసట’తో ఇబ్బంది లేదనుకుంటాను. ఇద్దరం విడివిడిగా అనువదించి, రెండూ కలిపి, మూలం చూడని మనిషితో తిరిగి ఇంగ్లీషులోకి చేయించాం. అచ్చంగా సరిపోయింది.

జవాబు: సరిపోవడంతో పని అయిపోదండీ. తిరుగు అనువాదం మాటకు మాట కుదిరిందో లేదో చూస్తుంది; మంచం మీదున్న మనిషికి అది ఎలా వినపడుతుందో చూడదు. అలసట పని చేసినవాళ్లకు వచ్చేది. నెల రోజులుగా పడుకునే ఉన్న మనిషిని ‘అలసటగా ఉందా?’ అంటే ‘ఏం పని చేశానని?’ అంటారు. ఇక్కడ కావలసింది ‘నీరసం’, లేదా ‘ఒంట్లో సత్తువ లేకపోవడం’. మూలాన్ని సవరించినప్పుడు కూడా ఈ అంశం పక్కన ‘శక్తి లేకపోవడం’ అనీ, మగత పక్కన ‘నిద్ర వస్తున్నట్టు ఉండటం’ అనీ వివరణ చేర్చారు. ఆ రెండూ కలిసిపోతే ప్రమాదం. మార్ఫిన్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో మగత రావడం మామూలే, చాలామందిలో కొద్ది రోజులకు తగ్గుతుంది. నీరసాన్ని మగతగా రాసుకుంటే అవసరమైన మందును అనవసరంగా తగ్గించేస్తారు. మగతకు ‘మత్తు’ అనే మాట మాత్రం వాడకండి. మందు అలవాటైపోతుందన్న భయం ముందే ఉన్నవాళ్లు ఆ మాటకు ఇంకా బెదురుతారు.

ఇలాంటివి బయటపడాలంటే ఐదు నుంచి ఎనిమిది మంది రోగుల దగ్గర కూర్చుని, జవాబు రాసుకున్నాక ‘ఈ ప్రశ్న మీకెలా అర్థమైంది? మీ మాటల్లో చెప్పండి’ అని అడగాలి. ఇంట్లోవాళ్లు పక్కనుంటే వాళ్లే జవాబు చెప్పేస్తారు, అది చూసుకోండి.

ఇంకొకరు: ఆకలి ప్రశ్న ఎలా రాశారు?

ప్రశ్న అడిగినవారు: ‘ఆకలి ఎంత ఉంది? 0 నుంచి 10’ అని.

ఇంకొకరు: అయ్యో, కొలత తిరగబడింది. మూలంలో 10 అంటే అన్నిటికన్నా చెడ్డ స్థితి. మీ ప్రశ్నకు బాగా ఆకలేసేవాళ్లు 10 వేస్తారు. ‘ఆకలి ఎంత మందగించింది?’ అనండి, 0 పక్కన ‘ఏమాత్రం మందగించలేదు’, 10 పక్కన ‘ఆకలే లేదు’ అని రాయండి. ‘నోటికి సయించడం లేదు’ అన్న జవాబును మాత్రం ఇందులో కలపకండి. ఆకలి ఉండీ సయించకపోవచ్చు. అప్పుడు నోరు తెరిపించి, పూత, పుండ్లు, తడారిపోవడం ఉన్నాయేమో చూడాలి.

ప్రశ్న అడిగినవారు: మారుస్తున్నాను. నొప్పి వరుస ఇలా రాశాను: ‘ఇప్పుడు నొప్పి గానీ, సలుపు, పోటు, తీపులు, మంట గానీ ఎంత ఉంది?’ అంకె కింద ‘మీరు దాన్ని ఏమంటారు?’ అని ఒక ఖాళీ గీత.

జవాబు: బాగుంది. ఆ గీత మీద వాళ్లు అన్నది అన్నట్టే రాయించండి, ‘నొప్పి’ అని దిద్దనివ్వకండి.