ఆర్ట్ మ్యూజియంలో సినిమాలు వేయడం అవసరమా?

పెడన_అద్దకం
పోయిన నెల మా నాన్నగారిని ఒక పెద్ద మ్యూజియానికి తీసుకెళ్ళాను. పేరు రాయను, ఆ ఒక్క చోటికే పరిమితమైన గొడవ కాదిది. ఆయనకు 74 ఏళ్ళు, మోకాళ్ళు సహకరించవు. పాత అద్దకం బట్టలున్న గది ఆయనకు చూపించాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. తీరా వెళ్తే పది నిమిషాలు చూడనిచ్చి, మూడు గంటలకే గది మూసేశారు. సాయంత్రం సినిమా ప్రదర్శన ఉందట, పక్క హాలులోకి కుర్చీలు మోయడానికి దారి కావాలట. వస్తువులు చూడటానికి వచ్చినవాళ్ళను బయటికి పంపి సినిమా వేయడం ఏం పద్ధతి? సినిమాలకు థియేటర్లున్నాయి. ఆ బట్టలను ఇంకెక్కడ చూస్తాం? మ్యూజియం పని వస్తువులు చూపించడమా, కార్యక్రమాలు నడపడమా?

ఆదివారం_పాఠకుడు
న్యాయమైన ప్రశ్న. మా ఊళ్ళో గ్రంథాలయానిదీ ఇదే కథ. సభలు జరిగే రోజున పుస్తకం ఇవ్వరు.

తెర_వెలుగు
పదకొండేళ్ళుగా ఇలాంటి ప్రదర్శనలకు స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. సినిమా మ్యూజియానికి పరాయిది కాదు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1935లోనే సినిమాల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. మన దేశానికి సంబంధించిన ఉదాహరణే చెబుతాను. 1955లో అదే మ్యూజియం భారతీయ వస్త్రాలు, ఆభరణాలతో ఒక ప్రదర్శన పెట్టి, దానికి తోడుగా కొన్ని సాయంత్రాలు కార్యక్రమాలు జరిపింది. అలీ అక్బర్ ఖాన్ సరోద్ వాయించారు, నర్తకి శాంతారావు నాట్యం చేశారు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి'ని ప్రపంచంలో మొట్టమొదట చూపించింది కూడా అక్కడే, మే 3న. కలకత్తాలో విడుదలైంది ఆ తరువాత, ఆగస్టులో. సబ్‌టైటిళ్ళు వేసే వ్యవధి లేక బెంగాలీ ప్రింటునే పంపితే, అలాగే చూశారు. బట్టలు చూడటానికి వచ్చినవాళ్ళకు ఆ బట్టలు కట్టుకునే మనుషులు తెర మీద కనిపించారు. మ్యూజియం పని వస్తువులు చూపించడమే అయితే ఇది జరిగేదా?

పెడన_అద్దకం
న్యూయార్క్ సంగతి బాగుంది. ఆ సినిమా కోసం బట్టల గది మూశారా? నా ప్రశ్న అది.

తెర_వెలుగు
మూశారో లేదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? కుర్చీల ఏర్పాటు నిర్వాహకుల లోపం. దానికి సినిమానే వద్దనడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమే.

మూసీ_ఒడ్డు
సాలార్‌జంగ్‌లో గంట గడియారం ముందు జనం కూర్చునే తీరు చూశారా? లోపలి నుంచి గడ్డం బొమ్మ వచ్చి గంట కొట్టి వెళ్తుంది, అంతే. మధ్యాహ్నం పన్నెండుకైతే పన్నెండు దెబ్బలని, పిల్లల్ని భుజాలకెత్తుకుని మరీ చూపిస్తారు. నా దృష్టిలో అదీ ప్రదర్శనే, దానికోసం ఏ గదీ మూయనక్కరలేదు.

పాత_కాగితం
రాతప్రతుల సంరక్షణలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. మీరిద్దరూ అసలు విషయం వదిలేశారు. రంగుల బట్టకూ కాగితం మీది బొమ్మకూ 50 లక్స్ మించి వెలుతురు పడకూడదు. వెలుతురు చేసిన చేటు పేరుకుపోతుందే తప్ప వెనక్కి పోదు, ఒకసారి వెలిసిన ఎరుపును ఎవరూ తిరిగి తేలేరు. గది మూడింటికి మూస్తే బట్టకు మేలే. నాకు భయం సినిమా గురించి కాదు, తిండి గురించి. ప్రదర్శన అయ్యాక సమోసాలు పంచుతారు. ముక్కలు నేల మీద పడతాయి, బొద్దింకలు వస్తాయి, వాటి వెనకే బట్టనూ కాగితాన్నీ తినే పురుగులు. ఒక తాళపత్రం కట్టలో బెజ్జాలు పడితే దానికి కారణం వెతుక్కుంటూ పక్క గదిలోని టీ బల్ల దాకా వెళ్ళాను. నా మాట ఎవరూ వినలేదు.

తెర_వెలుగు
సమోసాలు బయట వరండాలో పెడతాం.

పాత_కాగితం
వరండా తలుపు తెరిచే ఉంటుంది కదా?

కాకినాడ_టీచరు
మా బడి పిల్లలను ఏటా తీసుకెళ్తాను. గాజు వెనక వస్తువు ముందు రెండు నిమిషాలు కూడా నిలబడరు. ఎవరైనా కథ చెబితే అరగంట కదలరు. కార్యక్రమాలు ఉండాలి. కానీ ఏ భాషలో?

తెర_వెలుగు
భాష వేరే చర్చ. నన్ను ముగించనివ్వండి. మద్రాసు ఎగ్మూరు మ్యూజియం ఆవరణలో 1896 నుంచీ నాటకశాల ఉంది. మన అమరావతి శిల్పాలు ఉన్నదీ ఆ ఆవరణలోనే. శిల్పమూ నాటకమూ ఒకే ప్రహరీలో నూట ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాయి, నాటకం వల్ల ఏ శిల్పానికైనా నష్టం వచ్చిందని నేను వినలేదు. పెడన గారు నాన్నగారి పేరు చెప్పి సానుభూతి సంపాదిస్తున్నారు గానీ, వాదనలో విషయం లేదు. కారులో వచ్చి, పది నిమిషాలు తక్కువైందని ఫిర్యాదు చేసేవాళ్ళకు ఈ సినిమాలు అక్కరలేకపోవచ్చు. నాకు అక్కర. పద్దెనిమిదేళ్ళ వయసులో రబ్బరు చెప్పులతో మ్యూజియం గేటు దగ్గర మూడుసార్లు నిలబడి, కాపలాదారు ఏమంటాడోనని వెనక్కి తిరిగాను. ఉచితంగా సినిమా అని బోర్డు కట్టిన రోజున మాత్రమే లోపలికి అడుగుపెట్టగలిగాను. ఆ రోజు లేకపోతే ఇప్పటికీ గేటు బయటే ఉండేవాణ్ణి.

పెడన_అద్దకం
కారా? పెడన నుంచి గుడివాడ, అక్కడి నుంచి రైలు. మెట్ల దగ్గర ఆయన్ను ఇద్దరం పట్టుకున్నాం.

సానుభూతి అన్నారు కాబట్టి మిగిలింది కూడా రాస్తాను. రాయకూడదనే అనుకున్నాను. మేము ఆ రోజు వెళ్ళిపోలేదు. సినిమాకు ముందు అద్దకం మీద ప్రసంగం ఉందంటే నాన్న కూర్చుందామన్నారు. మా నాన్న యాభై ఏళ్ళు అచ్చు పట్టిన మనిషి. కుడి అరచేతిలో మణికట్టుకు దగ్గరగా కాయ కాసి, చెక్కలా గట్టిపడి ఉంటుంది, అచ్చు మీద కొట్టీ కొట్టీ.

గదిలో ఆ పది నిమిషాలూ ఒకే బట్ట ముందు నిలబడ్డారు. అంచులో లతకు లత కలిసే చోట ఒక ఆకు వెంట్రుక వాసి పక్కకు జరిగి ఉంది. గాజు మీద వేలు పెట్టి, "ఇక్కడ అచ్చు జారింది. చెయ్యి చెమట పట్టి ఉంటుంది. ఆ తరువాత నాలుగు అచ్చుల్లో మెల్లగా సర్దుకుంటూ వచ్చాడు చూడు" అన్నారు. నిజంగానే నాలుగో అచ్చుకు లత తిన్నగా అయింది. ఆ పనివాడు ఎవరో, ఎప్పటివాడో. పక్కన కూర్చుని చూసినట్టు చెప్పారు.

ప్రసంగమంతా ఇంగ్లీషులో సాగింది. అదే బట్ట ఫోటో తెర మీద వేసి, ఆ ఆకు కళాకారుడు కావాలని చూపిన వైవిధ్యం అన్నారు. నేను చెవిలో తెలుగులో చెప్పాను. నాన్న చెయ్యి ఎత్తారు. మైకు పట్టుకున్న అమ్మాయి మా వరుస దాటి వెళ్ళిపోయింది. రెండోసారి ఎత్తారు. మూడోసారి ఎత్తలేదు. ఎరుపు అచ్చుతో అద్దుతారని కూడా ఆ వేదిక మీద అన్నారు. అచ్చుతో అద్దేది పటిక నీళ్ళు. ఎరుపు తేలేది ఆ తరువాత బట్టను ఉడకబెట్టినప్పుడు. అది చెప్పాలని ఆయన ఆరాటం. తిరుగు రైల్లో గుడివాడ దాకా మాట్లాడలేదు.

కుర్చీల మీద కోపమని నేనే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే తెలిసింది, కాదని.

కాకినాడ_టీచరు
అమ్మా, ఏ భాషలో అని నేను అడిగింది ఇందుకే. అది వేరే చర్చ కాదు.

ఆదివారం_పాఠకుడు
చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

తెర_వెలుగు
సానుభూతి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించండి. కానీ ఒక మాట ఒప్పుకోండి, ఇది సినిమా చేసిన తప్పు కాదు. మేము జరిపే ప్రసంగాలు కూడా ఎక్కువ ఇంగ్లీషులోనే. తెలుగులో చెప్పే వక్తలు దొరకడం లేదు.

పెడన_అద్దకం
దొరకడం లేదా, వెతకడం లేదా? న్యూయార్క్‌లో సబ్‌టైటిళ్ళు లేకుండా బెంగాలీ సినిమా చూశారని మీరే రాశారు. వాళ్ళు తెలియని భాష ముందు ఓపికగా కూర్చున్నారు. ఇక్కడ తెలుగు మాట్లాడే మనిషి చెయ్యి ఎత్తితే అరనిమిషం ఆగలేకపోయారు.

తెర_వెలుగు
ఆయన్ను మా కార్యక్రమానికి పిలుస్తాం. వేదిక మీద కూర్చోబెట్టి సన్మానిస్తాం.

పెడన_అద్దకం
సన్మానం వద్దు. శాలువా కప్పి పంపిస్తారు. ఇంగ్లీషులో మాట్లాడిన వక్తకు ఎంత ఇస్తారు?

తెర_వెలుగు
గౌరవ వేతనం, ప్రయాణ ఖర్చు, బస.

పెడన_అద్దకం
అవే మూడూ ఇస్తారా, అద్దకం పనివాడికి?

తెర_వెలుగు
అది కమిటీ చేతిలో ఉంటుంది. వక్తకు డిగ్రీ ఉండాలని నియమం పెట్టుకున్నారు. నేను స్వచ్ఛంద కార్యకర్తను మాత్రమే. నియమం తప్పని అనను, ఎవరు పడితే వాళ్ళు మాట్లాడకుండా ఏదో ఒక గీత ఉండాలి.

పెడన_అద్దకం
అదే మీకూ నాకూ ఉన్న తేడా. ఆ గీత మా నాన్నను బయటే నిలబెడుతుంది.

పాత_కాగితం
చేసి చూపించే పని పెట్టుకుంటే గదుల దగ్గర మాత్రం వద్దు. అద్దకానికి ముందు బట్టను తడిపే కరక్కాయ నీళ్ళలో పాలు కలుపుతారు, ఆ వాసనకు ఈగలు ముసురుతాయి. ఆవిరి బట్టకు మంచిది కాదు. పెరట్లో చేయండి.

పెడన_అద్దకం
పెరడైనా సరే. రాగి కాగు ఉండాలి, పారే నీళ్ళు ఉండాలి. నిన్న రాత్రి ఫోనులో ఈ చర్చ చదివి వినిపిస్తే నాన్న అడిగినవి ఆ రెండే.

తెర_వెలుగు
వేతనం సంగతి కమిటీలో అడుగుతాను. సినిమా మాత్రం శనివారమే వేస్తాం.

పెడన_అద్దకం
వేయండి. ఎక్కడ వేసినా వస్తువులున్న గది ఐదింటి దాకా తెరిచి ఉంచమని కూడా అడగండి.