కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్: స్టేడియంలో ఉంటూ మిగతా మ్యాచ్‌లు చూడడం ఎలా?

అమెరికాలో మార్చిలో మొదలయ్యే ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలు నడిపే సంఘం) పురుషుల టోర్నమెంట్‌ను ఇన్నేళ్లూ టీవీలోనే చూశాను. ఈసారి మా అమ్మాయి చదివే కాలేజీ అర్హత సాధించింది, ఇద్దరం మొదటి రౌండుకు వెళ్తున్నాం. ఏ జట్టైనా ఒక్కసారి ఓడితే ఇంటికే. అందుకే ఇంత ఆత్రం.

వేదికలో ఆ రోజు 4 మ్యాచ్‌లు, రెండేసి చొప్పున రెండు విడతలుగా ఉంటాయి. మాకు మా జట్టు ఆడే విడతకే టికెట్లున్నాయి. గెలిస్తే ఒక రోజు విరామం తర్వాత అక్కడే రెండో రౌండు. దానికి ఇప్పుడే కొనాలా, ఓడిన జట్ల అభిమానులు తమ టికెట్లు అమ్మేదాకా ఆగవచ్చా? నన్ను ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న ఇదే. ఆగి కొన్నవారెవరైనా ఉంటే మీ అనుభవం తప్పక చెప్పండి.

అదే రోజు దేశమంతటా 16 మ్యాచ్‌లు. అవి సీబీఎస్, టీబీఎస్, టీఎన్‌టీ, ట్రూటీవీ చానళ్లలో వస్తాయి. ఈ టోర్నమెంట్ మ్యాచ్‌లు చూపించే మార్చ్ మ్యాడ్‌నెస్ లైవ్ యాప్ టీవీ చందా వివరాలు అడుగుతోంది, మాకు చందా లేదు. వేరే దారి ఉందా? కిక్కిరిసిన స్టేడియంలో ఫోనులో వీడియో ఆడుతుందా, స్కోర్లతోనే సరిపెట్టుకోవాలా?

ఇంకొకటి. రాత్రికి చూద్దామని దాచుకున్న మ్యాచ్ ఫలితం సోషల్ మీడియాలో ముందే కనబడిపోతోంది. మా జట్టు కబుర్లు వదులుకోకుండా దీన్ని ఎలా తప్పించుకోవాలి?