పెద్ద అగ్నిమాపక అధికారికి ఏది ముఖ్యం: మంటల అనుభవమా, పాలనా దక్షతా?

నిచ్చెన:
గొట్టం పట్టి మంటల్లోకి వెళ్లినవారికే పై పదవులు ఇవ్వాలా, చదువూ పాలనా సామర్థ్యమూ ఉన్నవారిని నేరుగా తీసుకోవచ్చా? నేను అనుభవం వైపే. మూసిన తలుపు సందులోంచి పొగ బయటికి వచ్చి, మళ్లీ లోపలికి పీల్చుకుపోతోందంటే లోపల మంట గాలి కోసం కాచుకుని ఉందని అర్థం. తలుపు తీస్తే ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. చదువుకున్నదల్లా గుర్తు తెచ్చుకుని ఆగమనేంత వ్యవధి అక్కడ ఉండదు.

దక్షిణగాలి:
పై అధికారి ఆ తలుపు దగ్గర ఉండడు కదా. లోపల ఎవరున్నారు, ఎవరి సిలిండరులో గాలి ఎంత మిగిలింది, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఇవన్నీ బయట నిలబడి చూసుకోవాలి. ఏళ్ల తరబడి గొట్టం పట్టినవారిలో కొందరికి పదోన్నతి వచ్చినా చెయ్యి గొట్టం మీదికే పోతుంది. అప్పుడు మొత్తం దృశ్యాన్ని చూసేవారే ఉండరు.

తూర్పుగట్టు:
మీరిద్దరూ వదిలేసిన గుణం ఒకటుంది: పరిస్థితి మారిందని గ్రహించి ఆదేశాన్ని మార్చగలగడం. 1999 డిసెంబరు 3న అమెరికాలోని వూస్టర్‌లో, వాడుకలో లేని ఒక శీతల గిడ్డంగి తగలబడింది. లోపల మనుషులున్నారేమోనని వెతకబోయిన ఇద్దరు సిబ్బంది పొగలో దారి తప్పారు. వారి కోసం వెళ్లినవారిలో మరో నలుగురు తిరిగి రాలేదు. తోటివారి కోసం ఇంకా వెళతామని వచ్చినవారికి మైక్ మెక్‌నమీ అనే అధికారి అడ్డంగా నిలబడి, ఇక ఎవరూ లోపలికి వెళ్లకూడదన్నాడు. ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి!

నిచ్చెన:
ఒప్పుకుంటాను. కానీ అది అనుభవం నుంచి వచ్చిన గుండె కాదా?

తూర్పుగట్టు:
అనుభవం ఒక్కటే చాలదు. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన నివాస భవనం తగలబడినప్పుడు అక్కడికి మొదట చేరిన అధికారులు కొత్తవారేమీ కారు. ఇళ్లలోనే ఉండండన్న సూచనను తెల్లవారుజామున 2:47 దాకా మార్చలేదు. మంటల గురించి మొదటి ఫోను వచ్చింది అర్ధరాత్రి 12:54కు. 72 మంది చనిపోయారు. భవనాన్ని ఎప్పుడు ఖాళీ చేయించాలో గుర్తించే శిక్షణ ఆ అధికారులకు లేదని విచారణలో తేలింది. తప్పు వారికి శిక్షణ ఇవ్వని వ్యవస్థది కూడా.

దక్షిణగాలి:
అయితే పదోన్నతికి ముందు ఈ గుణాన్ని ఎలా పరీక్షిస్తారు?

తూర్పుగట్టు:
నమూనా విన్యాసం మధ్యలో పరిస్థితి తలకిందులు చేయాలి. అందరికంటే చిన్న ఉద్యోగి చేత వైర్‌లెస్‌లో ఒకే ఒక్కసారి, మెల్లగా హెచ్చరిక చెప్పించాలి. అభ్యర్థి అది విన్నాడా, విని తన ఆదేశం మార్చాడా అన్నదానికే నేనైతే సగం మార్కులు వేస్తాను.