పేరు, నంబర్ బయటపడకుండా పోరగాండ్లతో ప్రశ్నలు అడిగించేదెట్లా?

మిర్యాలగూడ, దేవరకొండ వైపు 18–25 ఏళ్ల పోరగాండ్ల కోసం లైంగిక ఆరోగ్యం మీద ఇన్‌స్టాలో నిమిషం లోపు రీల్స్ పెడుతున్నాం. చూస్తున్నారు, ఒక్కరూ అడగట్లేదు. కామెంట్ పెడితే ఊరోళ్లకు తెలుస్తదని భయం. వాట్సాప్ గ్రూపులో నంబర్లు కనబడుతున్నాయని వెళ్లిపోయారు. ఛానెల్‌లో నంబర్ దాగుతుంది గానీ చూసేవాళ్లు తమంతట తాము ప్రశ్న రాయలేరు. గూగుల్ ఫామ్‌లో ఈమెయిల్ సేకరణ ఆపేశాం. అయినా ఫామ్ పైన తమ మెయిల్ ఐడీ కనబడగానే, పక్కనే షేర్ కాదని ఉన్నా, మూసేస్తున్నారు.

ఆలస్యంతోనే అసలు ప్రమాదం. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే పెప్ మందులు, వైరస్ సోకే ప్రమాదం ఎదురైన 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయమంటే నోరు పెగలదు.

లాగిన్, నంబర్ లేకుండా ప్రశ్న రాస్తే, జవాబు మళ్లీ అడిగినవాళ్లకే చేరే పద్ధతి మీలో ఎవరైనా నడిపి ఉంటే, అది ఏది?