రాత్రంతా 120 వాట్లు ఎటు పోతున్నాయి? కనిపెట్టే దారి చెప్పండి

స్మార్ట్ మీటర్ పెట్టాక అరగంటకోసారి రీడింగ్ యాప్‌లో కనిపిస్తోంది. అందరూ పడుకున్నాక, ఏసీ, ఫ్యాన్లు ఏవీ నడవని రాత్రుల్లో కూడా ప్రతి అరగంటకీ దాదాపు 0.06 యూనిట్లు పడుతున్నాయి. అంటే ఆగకుండా 120 వాట్లు! రోజంతా ఇలాగే లాగితే నెలకి 86 యూనిట్లు. ఎవరికీ పనికిరాకుండా ఇంత కరెంటు పోతుంటే బాధగా ఉంది.

ఇందులో ఫ్రిజ్ వాటా కొంత ఉంటుంది. వైఫై రౌటర్ ఆపలేను. మిగతాదాని మీద నా అనుమానం సెట్‌టాప్ బాక్స్, ఇన్వర్టర్. రిమోట్‌తో ఆపినా బాక్స్ వేడిగానే ఉంటోంది. ఫోన్ ఛార్జర్లని చాలామంది తిడతారు గానీ, ఫోన్ పెట్టని కొత్త ఛార్జర్ లాగేది చాలా తక్కువ, దాని జోలికి వెళ్లను.

మెయిన్ బోర్డులో ఒక్కో గదికి కరెంటు ఆపే స్విచ్‌లు (ఎంసీబీలు) ఒక్కొక్కటే ఆపి చూస్తే అరగంట రీడింగ్‌లో తేడా సరిగ్గా తేలడం లేదు. మధ్యలో ఫ్రిజ్ ఆన్ అయితే లెక్కంతా తారుమారు. మీటర్ మీద యూనిట్‌కి 3200 పల్సులు అని రాసుంది, అంటే ఒక యూనిట్ ఖర్చయ్యేలోపు మీటర్ లైటు 3200 సార్లు మెరుస్తుంది. 120 వాట్లకి సుమారు 9 సెకన్లకోసారి లైటు మెరవాలి. ఫ్రిజ్ ప్లగ్ తీసేసి, ఈ మెరుపుల మధ్య టైమ్ కొలిస్తే ఒక్కో గది లెక్క నమ్మకంగా తేలుతుందా?

ప్లగ్‌లో పెట్టి చూసే చిన్న వాట్ మీటర్లు 5 వాట్ల లోపు సరిగ్గా చూపిస్తాయా? బ్యాటరీ నిండాక కూడా ఇన్వర్టర్ ఎంత లాగుతుందో కొలిచినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.