10.49: ఫ్లోజో రికార్డు మీద అనుమానాలు, మీరేమంటారు?

పరుగుపిచ్చోడు:
1987 దాకా 100 మీటర్లలో అమెరికా రన్నర్ ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ (ఫ్లోజో) బెస్ట్ 10.96 సెకన్లు. 1988 జులై 16న ఇండియానాపోలిస్‌లో, అమెరికా ఒలింపిక్ ట్రయల్స్ క్వార్టర్ ఫైనల్లో ఏకంగా 10.49. ఇప్పటికీ దాన్ని దాటినవాళ్లు లేరు. 28 ఏళ్లొచ్చాక ఒక్క సీజన్లో అంత తగ్గించడం మందుల్లేకుండా అయ్యే పనేనా?

కోచ్ మాస్టారు:
10.49 పక్కన పెట్టు బాబూ, అది గాలి పుణ్యం. ఆ రేసులో గాలి వేగం కొలిచే విండ్ గేజ్ 0.0 చూపించింది, అదే టైమ్‌లో పక్కన ట్రిపుల్ జంప్ దగ్గరున్న గేజ్ 4.3 చూపించింది. వెనకనుంచి తోసే గాలి సెకనుకి 2.0 మీటర్లు దాటితే రికార్డే చెల్లదు. కాకపోతే మర్నాడు ఫైనల్లో రూల్‌కి లోబడిన గాలిలోనే 10.61 కొట్టింది, సియోల్ ఒలింపిక్స్‌లో 200 మీటర్లు 21.34. వాటిని గాలి మీదకి నెట్టలేం.

సియోల్88:
ఎన్ని టెస్టులు చేసినా ఒక్కదాంట్లోనూ దొరకలేదండీ. మగవాళ్ల 100 మీటర్లు గెలిచిన బెన్ జాన్సన్ అదే సియోల్‌లో డోపింగ్ టెస్టులో దొరికిపోయాడు, అతని 9.79 రికార్డు పోయింది, గోల్డ్ కార్ల్ లూయిస్‌కి వెళ్లింది. ఈవిడ 1998లో 38 ఏళ్లకే నిద్రలో మూర్ఛొచ్చి పోతే దానికీ స్టెరాయిడ్లకీ ముడిపెట్టారు. పోయిన మనిషి వచ్చి జవాబు చెప్పుకుంటుందా?

పరుగుపిచ్చోడు:
అన్నా, అమెరికా రన్నర్ మారియన్ జోన్స్ కూడా ఏళ్ల తరబడి ఆ మాటే చెప్పింది, ఏ టెస్టులోనూ దొరకలేదని. సిడ్నీలో 5 మెడల్స్, చివరికి 2007లో కోర్టులో ఒప్పుకుని అన్నీ తిరిగిచ్చేసింది. అథ్లెట్లకి దొంగచాటుగా మందులిచ్చిన బాల్కో అనే అమెరికా కంపెనీ వాళ్ల టీహెచ్‌జీ అనే స్టెరాయిడ్ ఒకటి ఉందనే ల్యాబులకి తెలీదు, 2003లో ఒక కోచ్ ఆ మందున్న సిరంజి పంపేదాకా! ఫ్లోజో 1989 ఫిబ్రవరిలో రిటైరైంది, సరిగ్గా చెప్పకుండా వచ్చి చేసే టెస్టులు మొదలవుతున్న టైమ్‌లో. సాక్ష్యం లేదు, ఒప్పుకుంటా. నమ్మకం మాత్రం కుదరట్లేదు.

స్పైక్స్ రాజు:
అంత దూరం ఎందుకు, నేను స్టేట్ మీట్లు ఆడే రోజుల్లోనే బాత్రూముల వెనక సిరంజిలు, సూదుల మూతలు కాళ్లకి తగిలేవి. అక్కడ ఎవడికీ ఒలింపిక్స్ ఆశ లేదు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తే చాలు. 2023లో ఢిల్లీ స్టేట్ మీట్‌కి డోపింగ్ టెస్టులు చేసే నాడా వాళ్లొచ్చారని తెలిశాక మగవాళ్ల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరిగెత్తాడు, గుర్తుందా? మిగతా లేన్లన్నీ ఖాళీ 😀

పాప అమ్మ:
మాస్టారూ, మా అమ్మాయి ఇంటర్, 100, 200 పరిగెడుతుంది. జిమ్‌లో ఏదో పౌడర్ వాడమంటున్నారు, డబ్బా మీద ప్రోటీన్ అనే ఉంది. ఇది చదివాక టెన్షన్‌గా ఉంది.

కోచ్ మాస్టారు:
ఆపేయండమ్మా. లేబుల్ మీద రాయనివి కూడా కొన్నిట్లో కలుస్తుంటాయి, శాంపిల్లో తేలితే తెలియక తాగానన్నా బ్యాన్ తప్పకపోవచ్చు. ఆ వయసుకి గుడ్లు, పాలు, పప్పు, కంటినిండా నిద్ర చాలు. దగ్గు మందు రాయించుకున్నా సరే, మా అమ్మాయి అథ్లెట్ అని డాక్టర్‌కి ముందే చెప్పండి.