గుమ్మం ముందు గూడు పెట్టి నెత్తిన తన్నే పిట్ట: కింగ్‌బర్డా, మాకింగ్‌బర్డా? పొద కొట్టించాలా, ఆగాలా?

తులసికుండీ (ఫ్రిస్కో, టెక్సస్):
అందరికీ నమస్కారం. అమ్మ పాలకొల్లు నుంచి మార్చిలో వచ్చింది. మా గుమ్మం పక్కన నడుమెత్తు హాలీ పొద ఉంది. దాని పక్కనే తన తులసి కుండీ పెట్టుకుంది. వారం రోజులుగా పొద్దున్నే చెంబుతో నీళ్లు పట్టుకుని బయటికి వస్తే చాలు, ఒక బూడిద రంగు పిట్ట వెనక నుంచి రివ్వున వచ్చి కొప్పు మీద కొట్టి పోతోంది. నిన్న కళ్లజోడు కింద పడి ఒక అద్దం పగిలింది. అమ్మకి 70 దాటాయి. మెట్టు మీద తూలితే ఏమవుతుందోనని నాకు ఒకటే టెన్షన్. పైగా కాకి తన్నినంత అరిష్టంగా భావించి, తన్నినప్పుడల్లా తలస్నానం చేస్తోంది.

పొదలో గూడు ఉంది. పక్కింటాయన దీన్ని కింగ్‌బర్డ్ అన్నారు, అది డేగని తరుముతుంటే చూశారట. ఫోన్లో గొంతు గుర్తుపట్టే యాప్ పెడితే ఒకసారి కార్డినల్ అంది, ఇంకోసారి బ్లూ జే అంది. రాత్రి రెండింటికి కూడా పాట వినిపిస్తోంది. శుక్రవారం లాన్ వాళ్లు వస్తారు, పొద కొట్టించేద్దామని మావారు అంటున్నారు. పిల్లలు ఏడుస్తున్నారు. ఇది ఏ పిట్ట? ఏం చేయమంటారు?

రాత్రిషిఫ్ట్ (ఇర్వింగ్):
పిట్ట పేరుతో పనేముందండీ? పెద్దావిడ పడితే తుంటి ఎముక విరుగుతుంది. విజిటర్ ఇన్సూరెన్స్‌తో ఇక్కడ హాస్పిటల్ అంటే ఏమిటో మా ఇంట్లో చూశాం. పొద కొట్టించండి. పిట్ట ఇంకో చోట గూడు కట్టుకుంటుంది, విరిగిన ఎముక అంత తేలిగ్గా అతకదు.

చెరువుగట్టు (ప్లేనో):
పేరుతో పని ఉంది తమ్ముడూ. ఏ పిట్టో తెలిస్తేనే గూట్లో ఎన్నాళ్లు ఉంటుందో, ఎందుకు తంతుందో తెలుస్తుంది.

డేగని తరిమినంత మాత్రాన కింగ్‌బర్డ్ అని చెప్పలేం. ఆ పని కింగ్‌బర్డ్, మాకింగ్‌బర్డ్ రెండూ చేస్తాయి. ముందు తోక చూడండి. ఈస్టర్న్ కింగ్‌బర్డ్‌కి తల నలుపు, పొట్ట తెలుపు, నల్ల తోక చివర సున్నం రాసినట్టు తెల్లని అంచు. వెస్టర్న్ కింగ్‌బర్డ్‌కి తల బూడిద, పొట్ట పసుపు, నల్ల తోకకి రెండు పక్కలా సన్నని తెల్ల గీత. మన షాపింగ్ సెంటర్ల పార్కింగ్‌లో లైటు స్తంభాల మీద గూళ్లు పెట్టేది ఎక్కువగా ఇదే. మాకింగ్‌బర్డ్ అయితే ఒళ్లంతా బూడిద, పొడుగు తోక, సన్నని ముక్కు. కూర్చున్నప్పుడు ఏ ప్రత్యేకతా కనపడదు. ఎగిరినప్పుడు మాత్రం రెండు రెక్కల్లో తెల్లటి కిటికీలు తెరిచినట్టు మచ్చలు మెరుస్తాయి.

పసులపోలిగాడు (టల్సా, ఓక్లహామా):
రంగులు చూసి పిట్టని పోల్చడం పుస్తకాల పద్ధతి అన్నా. పొద్దున ఎదురెండలో అన్నీ బూడిదే. మాది కర్నూలు దగ్గర పల్లె. ఏట్రింతని (నేను పేరు పెట్టుకున్న పసులపోలిగాడు అదే) ఎవరూ ఈక చూసి గుర్తుపట్టరు. గేదె వీపు మీద కూర్చుని, లేచిన పురుగుని గాల్లోనే పట్టి మళ్లీ వీపు మీదికే వస్తుంది. గూటి దగ్గరికి కాకి వచ్చినా గద్ద వచ్చినా ఊరి పొలిమేర దాకా తరుముతుంది. నడవడే దాని ఆనవాలు. ఇక్కడ ఫెన్స్ తీగ మీద కింగ్‌బర్డ్‌ని మొదటిసారి చూసినప్పుడు మా ఏట్రింతే తెల్ల చొక్కా వేసుకుని వచ్చిందనిపించింది. డేగ వీపెక్కి నెత్తి మీద పొడవడం నా కళ్లతో చూశాను. దాని శాస్త్రీయ నామమే టిరానస్ టిరానస్, అంటే నిరంకుశుడు. నెత్తిన ఈకల కింద దాచుకున్న ఎర్రటి కిరీటం ఉంటుంది, పోట్లాటలో మాత్రమే బయటపెడుతుంది. డేగని తరిమిందంటే నా ఓటు కింగ్‌బర్డ్‌కే.

చెరువుగట్టు:
నడవడిని బట్టి పోల్చాలన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఏ నడవడి? గూడు కాపాడుకోవడం చాలా పక్షులు చేస్తాయి, దాన్ని బట్టి తేల్చలేం. తిండి ఎలా సంపాదిస్తుందో చూడాలి. కింగ్‌బర్డ్ మీ ఏట్రింత లాగే తీగ మీద నిటారుగా కూర్చుని గాల్లో పురుగుని పట్టి మళ్లీ అక్కడికే వస్తుంది, నేల మీద పెద్దగా నడవదు. మాకింగ్‌బర్డ్ లాన్‌లో తోక పైకెత్తి పరిగెడుతుంది, ఆగుతుంది, రెక్కలు సగం విప్పి తెల్ల మచ్చలు చూపించి మళ్లీ మూస్తుంది. అలా ఎందుకు చేస్తుందో శాస్త్రవేత్తలే ఇంకా ఒక మాట మీదికి రాలేదు. గడ్డిలో పురుగులు బెదిరి బయటికి వస్తాయని కొందరు, శత్రువుని భయపెట్టడానికని కొందరు.

ఇంకొకటి గొంతు. కింగ్‌బర్డ్‌ది కరెంటు తీగ చిటపటలాడినట్టు చిన్న చిన్న కీచులే. మాకింగ్‌బర్డ్ ఒక ముక్కని మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ఆరు సార్లు పాడి, గుక్క తిప్పి ఇంకో ముక్క అందుకుంటుంది. ఆ ముక్కల్లో సగం పక్క పిట్టల నుంచి తెచ్చుకున్నవే. కార్డినల్, బ్లూ జే ఒకే కొమ్మ మీద నుంచి వినపడ్డాయంటే అది మాకింగ్‌బర్డ్ కచేరీ అయ్యే అవకాశమే ఎక్కువ. దాని శాస్త్రీయ నామం మిమస్ పాలీగ్లాటస్, అంటే నానా భాషల్లో అనుకరించేది అని.

తులసికుండీ గారూ, ఒక్క ప్రశ్న. చలికాలంలో ఈ పిట్ట ఉందా? కింగ్‌బర్డ్స్ మనవైపు ఏప్రిల్‌లో వచ్చి అక్టోబర్ కల్లా వెళ్లిపోతాయి. ఈస్టర్న్ అమెజాన్ అడవుల దాకా పోతుంది, వెస్టర్న్ మెక్సికో, మధ్య అమెరికాకి. మాకింగ్‌బర్డ్ ఏడాది పొడవునా ఇక్కడే.

తులసికుండీ:
అడిగారు కాబట్టి గుర్తొచ్చింది. డిసెంబర్‌లో ఇదే పొద మీద కూర్చుని ఎర్ర పళ్ల దగ్గరికి వచ్చిన రాబిన్స్‌ని ఒక్కదాన్ని కూడా వాలనిచ్చేది కాదు. మా చిన్నోడు దానికి వాచ్‌మన్ అని పేరు పెట్టాడు. ఇందాక కిటికీ లోంచి చూశాను. లాన్‌లో నడిచింది. ఎగిరినప్పుడు రెక్కల్లో తెల్ల మచ్చలు స్పష్టంగా కనిపించాయి.

పసులపోలిగాడు:
డిసెంబర్‌లో ఉందంటే మాకింగ్‌బర్డే, నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక్కటి అడుగుతా అన్నా. గూట్లో గుడ్లో పిల్లలో పెట్టుకుని అర్ధరాత్రి పాటలు పాడే తీరిక దానికెక్కడిది?

చెరువుగట్టు:
మంచి ప్రశ్న. రాత్రి పాడేవి ఎక్కువగా జంట దొరకని మగ పిట్టలే. వెన్నెల రాత్రుల్లో, వీధి దీపాల కింద ఇంకా ఎక్కువ. కాబట్టి అది వీళ్ల గూటి పిట్ట కాకపోవచ్చు, వెనక వీధిలో ఒంటరిగా తిరిగే ఇంకో మగది కావచ్చు. పొద కొట్టించినా ఆ పాట ఆగదు. నాకు మాత్రం ఆ పాట ఇష్టం. కొత్తగా వచ్చిన ఏడాది నిద్రపట్టని రాత్రుళ్లు దాన్నే వింటూ పడుకునేవాణ్ణి.

రాత్రిషిఫ్ట్:
సరే, మాకింగ్‌బర్డ్. టెక్సస్ రాష్ట్ర పక్షి అని కూడా తెలుసు. కానీ ప్రశ్న అక్కడే ఉంది. ఆవిడ రోజూ ఆ గుమ్మం దాటాలి. రాష్ట్ర పక్షి అయితే తన్నులు తినాలా?

కంఠమాల (గెయిన్స్‌విల్, ఫ్లారిడా):
ఇక్కడ మా రాష్ట్ర పక్షి కూడా అదే కాబట్టి నేనూ చెప్తాను. రెండు విషయాలు.

చట్టం ముందు. 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం మాకింగ్‌బర్డ్‌కీ వర్తిస్తుంది, అది వలస పోకపోయినా. గుడ్లో పిల్లలో ఉన్న గూటిని పర్మిట్ లేకుండా పాడుచేయడం నేరం. ఖాళీ అయ్యాక తీసేయొచ్చు. లాన్ వాళ్లతో చేయించినా చేయించినవాళ్లూ చిక్కుల్లో పడొచ్చు.

రెండోది, మా యూనివర్సిటీ క్యాంపస్‌లోనే జరిగిన పరిశోధన, 2009లో అచ్చయింది. ఒక మనిషి గూటి దగ్గర 30 సెకన్లు నిలబడి, గూటి అంచుని చేత్తో తాకి వెళ్లిపోతాడు. వరసగా నాలుగు రోజులు అదే మనిషి, రోజుకో రకం బట్టల్లో, ఒక్కో దిక్కు నుంచి వస్తాడు. మూడో రోజుకల్లా ఆ మనిషి ఇంకా దూరంగా ఉండగానే పిట్ట లేచి మీదికి రావడం మొదలుపెట్టింది. ఐదో రోజు కొత్త మనిషి వెళ్తే, మొదటి రోజు లాగే మామూలుగా ఉంది. పక్క నుంచి వేలమంది స్టూడెంట్స్ పోతున్నా వాళ్ల జోలికి పోలేదు. అంటే రెండుసార్లు చూస్తే చాలు, మనిషిని మనిషిగా గుర్తుపెట్టుకుంటుంది.

అందుకే అడుగుతున్నాను, మీ ఇంట్లో అది అందరినీ తంతోందా, అమ్మగారినేనా?

తులసికుండీ:
ఇది చదివి ఒళ్లు జలదరించింది. అమ్మనే. పోస్ట్ వేసే ఆయన రోజూ ఆ పొద పక్కనుంచే వస్తాడు, ఏమీ అనదు. మా ఆయన్నీ అనదు. అమ్మని అడిగాను. రెండు వారాల కిందట ఆదివారం, సోమవారం వరసగా కొమ్మలు రెండు చేతులతో పక్కకి తీసి లోపలికి చూసిందట. నీలంగా గోధుమ చుక్కలున్న గుడ్లు మూడు ఉన్నాయట. చూపించడానికి మా చిన్నోణ్ణి కూడా ఎత్తుకుందట. ఆ పిట్టకి అమ్మ దొంగ. ఇన్నాళ్లు అదేదో పగబట్టిందని అనుకున్నాం గానీ, మేమే ముందు దాని ఇంట్లో చెయ్యి పెట్టామని తట్టలేదు.

చెరువుగట్టు:
అయితే లెక్క కట్టొచ్చు. గుడ్లు పొదిగేది 12, 13 రోజులు. రెండు వారాల కిందటే గుడ్లున్నాయంటే ఇప్పుడు పిల్లలు ఉండాలి. పిల్లలు గూడు వదలడానికి ఇంకో 12 రోజులు. వారం రోజులుగా కోపం ఎక్కువైందంటే ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా అప్పుడే పిల్లలు వచ్చి ఉంటాయి. అంటే మిగిలింది ఐదారు రోజులు. కింగ్‌బర్డ్ అయి ఉంటే పొదగడానికే రెండు వారాల పైన, తర్వాత గూట్లో ఇంకో రెండు వారాల పైన పట్టేది. అందుకే పేరుతో పని ఉందన్నాను.

రాత్రిషిఫ్ట్:
ఐదారు రోజులంటే నేనూ కొట్టించమని అనను. కానీ ఆ ఐదారు రోజులూ ఆవిడని ఆ గుమ్మంలోంచి పంపొద్దు, ఇది మాత్రం నేను వదలను. గూట్లోంచి బయటికి దూకిన పిల్లలు ఇంకొన్నాళ్లు పొదల్లోనే తిరుగుతాయి కదా, అప్పుడూ తంతుంది. మా ఆఫీసు పార్కింగ్‌లో రెండు వారాలు తన్నింది. "ఆగండి" అనేవాళ్లు ఆ ఆగే రోజుల్లో ఏం చేయాలో కూడా చెప్పాలి.

కంఠమాల:
నిజం. అడిగింది న్యాయం. తులసి కుండీని వెనక పెరట్లోకి మార్చండి. గ్యారేజీ లోంచి రాకపోకలు పెట్టుకోండి. ముందు నుంచే రావాల్సి వస్తే గొడుగు వేసుకోమనండి. వెనక నుంచే కొడుతుంది కాబట్టి పిట్ట వైపు మొహం పెట్టి నడిచినా చాలావరకు వెనక్కి తగ్గుతుంది. గూటిని జరపొద్దు. జరిపితే తల్లి వదిలేసే ప్రమాదం ఉంది.

పసులపోలిగాడు:
పోస్ట్‌మన్‌కి చెప్పండి, కొమ్మలు తాకొద్దని. పొద కొట్టించడం పళ్లు రాలాక పెట్టుకోండి. ఏడాదికి రెండు మూడు సార్లు గుడ్లు పెడుతుంది, ప్రతిసారీ దాదాపు కొత్త గూడే కడుతుంది. కొట్టించే ముందు లోపల ఇంకోటి లేదని చూసుకోండి, చెయ్యి పెట్టకుండా.

తులసికుండీ:
శుక్రవారం లాన్ వాళ్లకి పొద వైపు వెళ్లొద్దని చెప్పాను. మావారు సరే అన్నారు, కానీ గ్యారేజీ తలుపు తప్ప వేరే దారి వాడొద్దని షరతు పెట్టారు. కుండీ పెరట్లోకి మారింది.

అమ్మ ఇవాళ పొద్దున కిటికీ అద్దం వెనక కూర్చుని చూసింది. తల్లి నోట్లో పచ్చటి పురుగుతో వచ్చి, నేరుగా గూట్లోకి దూరకుండా ముందు ఫెన్స్ మీద వాలి, అటూ ఇటూ చూసి, తర్వాత పొద అడుగు నుంచి లోపలికి వెళ్లింది. నోళ్లు మూడూ తెరుచుకున్నాయి, లోపల పసుపు రంగు కనిపించింది. "మనం చూస్తున్నామని దానికి తెలుసే" అంది అమ్మ, కర్టెన్ కొంచెం వేస్తూ.